సాలెపురుగులు – వాని విషము

సాలెపురుగును ఎఱుగనివారుండరు. ఇంటి మూలలయందు, చెట్ల కొమ్మల నడుమ, పాడుపడిన గోడలయందు అది అల్లిన గూడు మన కంటబడుచునే యుండును. మన పుణ్యకథలలో సైతము దానికి స్థానము కలదు. శ్రీకాళహస్తి యను క్షేత్రనామమున 'శ్రీ' యనగా సాలెపురుగు, 'కాళము' సర్పము, 'హస్తి' ఏనుగు. ఈ మూడును శివుని కొలిచి ముక్తి నొందినవని స్థలపురాణము చెప్పుచున్నది. గ్రీకుల పురాణగాథలో అరాక్నీ యను నేతకత్తె నేతపనిలో ఎథీనా దేవతతో పోటీపడి, ఆమె కోపమునకు గురియై సాలెపురుగుగా మాఱిపోయినది. తెలుగున 'సాలె' యనునదియు నేతపనివానిని తెలుపు మాటయే. ఒకరి నొకరు ఎఱుగని రెండు జాతుల ప్రజలు ఈ చిన్న ప్రాణిని చూచి ఒకే విధముగా తలచుట వింతగా నున్నది.

ఇట్లు దాని నేర్పును మెచ్చుకొనుచునే మానవుడు దానిని చూచి భయపడుచు నున్నాడు. సాలెపురుగు కఱచినచో ప్రాణము పోవునా? ప్రతి సాలెపురుగునకును విషము ఉండునా? ఉన్నచో దానికి విఱుగుడు కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్న, మొదట సాలెపురుగు ఏ వర్గమునకు చెందినదో, దాని బంధువు లెవరో తెలిసికొనవలెను. ఏలయన, ఈ విషయమున ప్రాణిని సరిగా గుర్తించుటయే రక్షణకు మొదటి మెట్టు.

పేరులో 'పురుగు' అను మాట ఉన్నను శాస్త్రజ్ఞులు సాలెపురుగును కీటకములలో చేర్చరు. చీమ, ఈగ, తేనెటీగ, సీతాకోకచిలుక మొదలగునవి కీటకములు. కీటకమునకు తల, ఱొమ్ము, పొట్ట అని శరీరమున మూడు భాగములును, ఆఱు కాళ్ళును, తలపై రెండు మీసములును ఉండును. పెక్కు కీటకములకు రెక్కలు కూడ కలవు. సాలెపురుగు శరీరమున రెండే భాగములు కనబడును. తలయు ఱొమ్మును కలసిపోయి ఒక భాగమైనవి. పొట్ట రెండవ భాగము. కాళ్ళు ఎనిమిది. మీసములు లేవు; రెక్కలు లేవు. నోటిముందు ఒక జత కోరలును, వాని ప్రక్కన చిన్న కాళ్ళవలె కనబడు ఒక జత స్పర్శాంగములును ఉండును. పొట్ట చివర దారము తీయు గ్రంథులు కలవు.

ఈ భేదమును శాస్త్రజ్ఞులు ఒక్కసారిగా గుర్తింపలేదు. స్వీడన్ దేశీయుడగు కార్ల్ క్లెర్క్ 1757లో తన దేశపు సాలెపురుగులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, ఒక్కొక్క జాతికి రెండు మాటల శాస్త్రీయనామము నిచ్చెను. మఱుసటి సంవత్సరము, 1758లో, ఆ దేశమువాడే యగు లిన్నేయస్ సకల జంతువులను వర్గీకరించు తన మహాగ్రంథమున సాలెపురుగులను రెక్కలులేని కీటకములతో కలిపి ఉంచెను. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లామార్క్ 1801లో వానిని కీటకములనుండి విడదీసి ప్రత్యేకమైన తరగతిగా నిలిపెను. పైన చెప్పిన అరాక్నీ పేరునుబట్టి ఆ తరగతికి 'అరాక్నిడా' అను పేరు స్థిరపడినది.

నేడు ఈ తరగతిలో లక్షకు పైగా జాతులు గుర్తింపబడినవి. వీనిని పదికి పైబడిన క్రమములుగా విభజించిరి. సాలెపురుగుల దొక క్రమము. 2022 నాటికే దానిలో గుర్తింపబడిన జాతుల సంఖ్య 50,000 దాటినది. తేళ్ళది మఱొక క్రమము. తేలునకును ఎనిమిది కాళ్ళే. కాని దాని విషము కోరలలో కాక తోక చివరనున్న కొండిలో ఉండును. పశువులను పట్టి రక్తము పీల్చు పిడుదులును, చర్మమును తొలిచి గజ్జి కలిగించు సూక్ష్మప్రాణియు ఈ తరగతిలోనివే. తొలకరి వానలు కురియగనే, ఆరుద్రకార్తెలో, పొలముగట్లపై ఎఱ్ఱని ముఖమలు గుడ్డ ముక్కవలె మెల్లగా నడచు ఆరుద్రపురుగును మీరు చూచియే యుందురు. అదియు సాలెపురుగునకు బంధువే. దానివలన ఎవ్వరికిని హాని లేదు. తేలువలె కనబడియు కొండి లేని కొరడాతేలు, మిక్కిలి పొడవైన సన్నని కాళ్ళు గలిగి విషగ్రంథులే లేని హార్వెస్ట్‌మన్ మొదలైన వింతప్రాణులును ఈ కుటుంబములోని సభ్యులే. రూపము ఒక్క తీరుగా ఉన్నంత మాత్రమున గుణము ఒక్కటి కాదనుటకు ఈ తరగతియే ఉదాహరణము.

ఇక విషము మాట. సాలెపురుగులలో దాదాపు అన్నింటికిని విషము కలదు. యులోబొరిడే అను ఒక కుటుంబమువంటి కొలదివానికి మాత్రమే విషగ్రంథులు లేవు. అవి తమ ఎరను దారముతో గట్టిగా చుట్టి లోబఱచుకొనును. తక్కినవి కోరల చివరనున్న సన్నని రంధ్రముగుండ విషమును ఎరలోనికి ఎక్కించును. సాలెపురుగు ఆహారమును నమలి మ్రింగదు. ఎరను కదలకుండ చేసి, దానిపై జీర్ణరసమును విడిచి, కరగిన పదార్థమును పీల్చుకొనును. కావున ఆ విషము చిన్న కీటకములను లొంగదీయుటకు ఏర్పడినదే గాని మనుష్యునిపై ప్రయోగించుటకు ఏర్పడినది కాదు. పెక్కు సాలెపురుగుల కోరలు మన చర్మమును ఛేదింపజాలవు. ఛేదించినను ఎక్కిన విషము స్వల్పము. కొంచెము మంట, కొంచెము వాపు కలిగి తగ్గిపోవును. చెప్పులోనో, దుస్తుల మడతలోనో చిక్కుకొని నలిగిపోవునప్పుడు ఆత్మరక్షణకై కఱచుటయే తఱచుగా జరుగును.

సరిగా గుర్తింపకపోవుటవలన ఎట్టి పొరపాట్లు జరుగునో ఇటలీ దేశపు కథ ఒకటి తెలుపును. దక్షిణ ఇటలీలో టారంటో అను పట్టణము కలదు. పూర్వకాలమున ఆ ప్రాంతమున కోతకాలమందు పొలములలో పనిచేయువారు ఏదో కఱచి తీవ్రమైన బాధకు లోనగుచుండిరి. అక్కడ తిరుగు పెద్ద సాలెపురుగే దీనికి కారణమని జనులు తలచి, ఊరి పేరునుబట్టి దానిని టరంటులా యని పిలిచిరి. బాధితుడు వాద్యములకు అనుగుణముగా దినముల తరబడి నాట్యము చేసినగాని విషము దిగదని నమ్మిరి. టారంటెల్లా అను నృత్యమునకు ఈ పేరే మూలము. కాని ఆ పెద్ద సాలెపురుగు కాటువలన అంతటి ప్రమాదము లేదని తరువాత తేలినది. నిజముగా కాటు పడినవారిని కఱచినది అదే పొలములలో దాగియుండు వేఱొక చిన్న నల్లని సాలెపురుగు కావచ్చునని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పెద్దది, రోమములు గలది, భయంకరమైనది నేరస్థుడైనది, చిన్నది తప్పించుకొన్నది.

ఆ చిన్న నల్లని సాలెపురుగు లాట్రోడెక్టస్ అను ప్రజాతికి చెందినది. ఈ ప్రజాతిలోని జాతులు ప్రపంచమున పెక్కు దేశములందు ఉన్నవి. భారతదేశమునను కొన్ని కనబడినవి. అమెరికాలో నల్లగా నిగనిగలాడుచు పొట్ట క్రింద ఎఱ్ఱని గుర్తు గల ఆడ సాలెపురుగును 'నల్ల వితంతువు' అందురు. ఆస్ట్రేలియాలో వీపుపై ఎఱ్ఱని చార గల దానిని 'రెడ్‌బ్యాక్' అందురు. ఇవి కఱచినచో విషము నరముల కొనలయందున్న రసాయనములను ఒక్కుమ్మడిగా విడుదల చేయించును. నొప్పి మెల్లగా ప్రాకును, చెమటలు పట్టును, కండరములు బిగిసికొనిపోవును. కడుపు గట్టిపడుటచే వైద్యుడు కడుపులోని వేఱొక వ్యాధియని పొరబడుటయు కలదు. ఇట్లు బాధ మిక్కుటమైనను మరణము అరుదు. రెడ్‌బ్యాక్ విషమునకు విఱుగుడు మందు 1956లో ఆస్ట్రేలియాలో వచ్చినది. నొప్పిని తగ్గించు మందులకు ఆ విఱుగుడును చేర్చినను అదనపు మేలు అంతగా కనబడలేదని 2014లో వెలువడిన ఒక పరీక్ష తెలిపినది. ఒకసారి నిశ్చయించినదానిని మరల మరల పరీక్షించుటయే శాస్త్రమునకు గల గొప్పతనము.

అన్నింటికన్న ప్రమాదకరమైనది ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగర పరిసరములందుండు ఫనెల్‌వెబ్ సాలెపురుగు. ఇది తేమ నేలలో బొరియ చేసికొని, ద్వారమున గరాటువంటి గూడు కట్టుకొనును. మగది ఆడుదానిని వెదకుచు బయలుదేఱి, ఇండ్లలోనికిని తోటలలోనికిని వచ్చుచుండును. మగదాని విషమే ఎక్కువ తీవ్రమైనది. 1927 మొదలు 1980 వఱకు దీని కాటువలన 13 మంది చనిపోయినట్లు లెక్కలు చెప్పుచున్నవి. వారిలో పసిపిల్లలును ఉండిరి. ఈ విషముయొక్క స్వభావము మిక్కిలి విచిత్రము. అది మనుష్యులకును కోతులకును ప్రాణాంతకము. కుందేళ్ళను మాత్రము అంతగా బాధింపదు. మెల్బోర్న్ నగరమున స్ట్రువాన్ సదర్లండ్ అను వైద్యశాస్త్రజ్ఞుడు పలు సంవత్సరములు శ్రమించి, కుందేళ్ళకు ఈ విషమును కొద్దికొద్దిగా ఎక్కించి, వాని రక్తమున పుట్టిన విఱుగుడు పదార్థమును వేఱుచేసెను. 1981 నుండి అది వాడుకలోనికి వచ్చినది. నాటినుండి ఈ సాలెపురుగు కాటువలన ఒక్కరును చనిపోయినట్లు నమోదు కాలేదు. మందు తయారు చేయుటకు కావలసిన మగ సాలెపురుగులను అక్కడి పౌరులే జాగ్రత్తగా పట్టి తెచ్చి యిచ్చుచుందురు. తమను భయపెట్టిన ప్రాణినే తమ రక్షణకు సాధనముగా చేసికొన్నారు.

ఈ సాలెపురుగు కథ అంతటితో ముగియలేదు. అంతవఱకు ఒకే జాతియని తలచిన ఫనెల్‌వెబ్ సాలెపురుగులు నిజమునకు మూడు జాతులని 2025లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సిడ్నీకి ఉత్తరముననున్న న్యూకాసిల్ ప్రాంతపు పెద్ద సాలెపురుగు వానిలో ఒకటి. ఏ జాతి విషమునకు ఏ మందు పనిచేయునో తెలియవలెనన్న జాతులను వేఱుపఱచి తెలిసికొనుట అవసరము. వర్గీకరణము పుస్తకములలో పేర్లు వ్రాసికొను వినోదము మాత్రమే కాదని దీనివలన తెలియును.

మఱొక ప్రమాదకరమైన ప్రజాతి లోక్సోసెలిస్. అమెరికాలో దీనిలోని ఒక జాతిని గోధుమరంగు ఏకాంతవాసి యందురు. తక్కిన సాలెపురుగులకు సాధారణముగా ఎనిమిది కన్నులుండగా, దీనికి రెండేసి చొప్పున మూడు జతలు, ఆఱు కన్నులే యుండును. ఇది కఱచినచోట ఒక్కొక్కప్పుడు చర్మము కుళ్ళి పుండగును. కాని దానిపై మోపబడిన నేరములన్నియు అది చేసినవి కావు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఒక ఇంటిలో 2001లో ఆఱు నెలలలో ఈ జాతి సాలెపురుగులు 2,055 దొరికినవి. ఆ ఇంటిలో ఏండ్ల తరబడి నివసించుచున్న నలుగురిలో ఒక్కరికిని వానివలన ఏ హానియు కలుగలేదు! ఆస్ట్రేలియాలో 2002లో ప్రకటింపబడిన మఱొక పరిశీలనమున, కఱచిన సాలెపురుగును పట్టి నిపుణులచే గుర్తింపించిన 750 కాట్లను మాత్రమే లెక్కలోనికి తీసికొనిరి. వానిలో నూటికి ఆఱింటికి మాత్రమే చెప్పుకోదగిన బాధ కలిగినది. వానిలో చాలవఱకు రెడ్‌బ్యాక్ కాట్లే. చర్మము కుళ్ళిన పుండు ఒక్కటియు కనబడలేదు.

మనలోను ఇట్టి అపోహలు కలవు. ఒడలిపై పొక్కులు లేచినచో సాలెపురుగు ప్రాకినదని పలువురు చెప్పుకొందురు. అట్టి పొక్కులు ఒక్కొక్కప్పుడు వైరస్ వలన కలుగునవి. ఒక్కొక్కప్పుడు రాత్రివేళ దీపమునకు వచ్చు పీడెరస్ అను చిన్న కీటకమును చర్మముపై నలిపివేసినప్పుడు దానిలోని రసము తగిలి కలుగునవి. ఆ కీటకమునకు ఆఱే కాళ్ళు! సాలెపురుగును తిట్టుచు కూర్చున్నచో అసలు వ్యాధికి చికిత్స ఆలస్యమగును.

తెలుగునాట పుట్టి ప్రపంచప్రసిద్ధి గాంచిన సాలెపురుగు ఒకటి కలదు. 1899లో అనంతపురము జిల్లాలోని గుత్తి రైల్వే కలప నిల్వలలో మెఱయుచున్న నీలిరంగు గల ఒక పెద్ద సాలెపురుగు దొరికినది. పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి పేరిడెను. అది కలపతోబాటు రైలుబండిలో అచ్చటికి వచ్చియుండునని తలచుచున్నారు. తరువాత శతాబ్దమునకు పైగా గడచినపిదప, 2001లో, నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో అది మరల కనబడినది. పెద్ద చెట్ల తొఱ్ఱలలో అది నివసించును. దాని ప్రజాతికి చెందిన సాలెపురుగులు కఱచినచో కండరములు తీవ్రముగా పట్టివేయును. అయినను అవి తమంతట తాము మనుష్యులపైకి రావు. నిజమునకు ఆపదలోనున్నది మనము కాదు, ఆ ప్రాణియే. అడవులు నఱకబడుటవలనను, అందమునకై దానిని పట్టి అమ్ముటవలనను అది నశించు ప్రమాదము మిక్కుటముగా నున్నదని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ప్రకటించినది.

అట్లయిన ఎనిమిది కాళ్ళ ప్రాణులలో మనము నిజముగా జాగ్రత్తపడవలసినది దేనినిగూర్చి? సాలెపురుగును గూర్చి కాదు. దాని బంధువైన తేలును గూర్చి. అందును పెద్దదై నల్లగా నుండు మండ్రగబ్బకన్న, పరిమాణమున చిన్నదైన ఎఱ్ఱతేలు ఎక్కువ ప్రమాదకరము. టారంటో కథలోని నీతియే ఇచ్చటను వర్తించును. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు మొదలైన రాష్ట్రములలో ఈ ఎఱ్ఱతేలు కలదు. ఇది కుట్టినప్పుడు విషము నరములను రెచ్చగొట్టును, రక్తనాళములు బిగిసికొనిపోవును, గుండె అలసిపోయి, ఊపిరితిత్తులలో నీరు చేరును. పిల్లలకు ఈ ప్రమాదము మఱింత ఎక్కువ.

మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతమున గ్రామీణ వైద్యుడుగా పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ తేలుకాటువలన పిల్లలు చనిపోవుచుండగా చూచి, రోగుల ప్రక్కనే ఉండి వారి లక్షణములను గంటగంటకును వ్రాసికొనెను. రక్తపుపోటు తగ్గించుటకు వాడుచుండిన ప్రాజోసిన్ అను మాత్ర, బిగిసిన రక్తనాళములను సడలించి గుండెను కాపాడునని 1980 తరువాతి సంవత్సరములలో ఆయన నిరూపించెను. అంతకు ముందు విషము తీవ్రముగా ఎక్కినవారిలో నూటికి ఇంచుమించు ముప్పదిమంది చనిపోవుచుండగా, ఆ సంఖ్య నూటికి నలుగురికన్న తక్కువకు దిగినది. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగినది. గొప్ప ప్రయోగశాల లేని పల్లెలోనైనను, ఓర్పుతో పరిశీలించువాడు ప్రాణదాత కాగలడు.

ఏ పురుగైనను కఱచినప్పుడు చేయవలసిన పనులు, చేయరాని పనులు తెలిసియుండవలెను. కాటును కత్తితో కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు, మంత్రములకై కాలము గడపరాదు. ఆ చోటును సబ్బుతోను నీటితోను కడిగి, చల్లని తడిగుడ్డ వేసి, రోగిని కదలనీయక ఉంచవలెను. చెమటలు ధారగా కాఱుట, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడుట, ఊపిరి ఆడకపోవుట కనబడినచో క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. తేలు కుట్టినది పసిపిల్లవానినైనచో ఈ లక్షణములకై వేచియుండరాదు. కఱచిన ప్రాణిని చేతితో పట్టబోరాదు. అది చచ్చిపడియున్నచో సీసాలో నుంచి వైద్యునికి చూపవచ్చును. చెప్పులను దులిపి తొడిగికొనుట, చీకటిలో దీపము లేక నడువకుండుట, కట్టెలు, ఇటుకలు కదలించునప్పుడు జాగ్రత్తగా నుండుట, దోమతెరలో పండుకొనుట – ఇవి సులభమైన రక్షణోపాయములు.

ప్రపంచమునందలి సాలెపురుగులన్నియు కలసి సంవత్సరమునకు 40 కోట్లనుండి 80 కోట్ల టన్నుల వఱకు కీటకములను, ఇతర చిన్న ప్రాణులను తినుచున్నవని 2017లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. మన పైరులను తిను పురుగులును, మన ఇండ్లలోని దోమలును, బొద్దింకలును వానికి ఆహారము. ఏబదివేలకు పైబడిన జాతులలో మనకు హాని చేయజాలినవి కొలది మాత్రమే. తెలియనివానికి ఎనిమిది కాళ్ళ ప్రాణి యంతయు శత్రువే. తెలిసినవాడు మిత్రుని విడిచిపెట్టును, శత్రువు నుండి తొలగిపోవును, ఆపద వచ్చినప్పుడు తగిన చికిత్సకై పరుగెత్తును. గోడపై కదలాడు సాలెపురుగును చూచినప్పుడు చీపురు ఎత్తుటకు ముందు దాని కాళ్ళను, కన్నులను, గూటిని ఒక్కసారి దూరమునుండి పరిశీలింపుడు. భయము పోయి తెలివి కలుగుట అట్లే మొదలగును.